గింజ తన వాకిట్లో పడిన రోజు: పాలకుర్తి ఐలమ్మ జీవితం

కొత్త ఊళ్ళో కాపురం పెట్టడం, పొయ్యి రాజేయడం, పెరట్లో బీరపాదు పెట్టడం, పండిన గింజ గరిసెలో పోసుకోవడం. ఉన్నవాళ్ళకు ఇవన్నీ మామూలు సంగతులు. కూలినాలి జనానికి మాత్రం ఇందులో ఒక్కొక్కటీ ఒక్కొక్క పోరాటం. గోడలు మనం పెట్టినవే, కింద నేల ఎవరి పేరున ఉందో తెలియదు. పొలంలో చెమట మనదే, కల్లంలో గింజ కొలిచే చెయ్యి మనది కాదు. రాత్రి తలుపు తట్టి పనికి రమ్మంటే పోక తప్పని చోట ఎన్నేళ్ళు బతికినా అది మన ఇల్లు అనిపించదు.

ఇల్లు నిలబెట్టుకోవడం కోసం ఒక చాకలి స్త్రీ చేసిన పోరాటం నైజాం రాజ్యంలో దొరతనాన్ని కదిలించింది. ఆమె చిట్యాల ఐలమ్మ. జనం నోట చాకలి ఐలమ్మ. ఆమె బొమ్మ మన సంఘం ఆఫీసుల్లో ఉంది, ఆమె పేరు మన పాటల్లో ఉంది. అయితే ఆమె దేనికోసం అంత తెగించిందో విడమర్చి చెప్పుకోవడం మనలో తక్కువయింది. అందుకే ఈ వారం ఆమె జీవితాన్ని ఇల్లు, వాకిలి, కల్లం దగ్గర నిలబడి చూద్దాం.

కృష్ణాపురం నుంచి పాలకుర్తికి

ఐలమ్మ పుట్టిన ఊరు ఇప్పటి వరంగల్ జిల్లా రాయపర్తి మండలంలోని కృష్ణాపురం. తల్లి ఓరుగంటి మల్లమ్మ, తండ్రి సాయిలు. పుట్టిన సంవత్సరం 1895 అని ఎక్కువమంది రాస్తారు. సెప్టెంబర్ 26న ఆమె జయంతి జరుపుతున్నారు. చిట్యాల నర్సింహతో పెళ్ళయి ఆమె కాపురానికి వచ్చిన ఊరు పాలకుర్తి. నలుగురు కొడుకులు, ఒక కూతురు.

పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. ఆనాడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో భాగం. తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో నల్లగొండ పేరు అన్నిసార్లు వినిపించడానికి ఈ తాలూకా ఒక ముఖ్య కారణం. విసునూరు, కడవెండి, పాలకుర్తి అన్నీ ఆ తాలూకా ఊళ్ళే. పాలకుర్తికి దగ్గర్లోనే బమ్మెర ఉంది. రాజుల కొలువు వద్దని నాగలి పట్టి బతికాడని జనం చెప్పుకునే పోతన ఊరు అది. ఆ నేల మీద సొంత సేద్యం అనే మాటకు అంత పాత గౌరవం ఉంది. ఐలమ్మ కాలానికి ఆ గౌరవం కథల్లోనే మిగిలింది. నేలంతా దొరల చేతుల్లోకి పోయింది.

విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి కింద అరవై ఊళ్ళు, నలభై వేల ఎకరాలు ఉండేవని పోరాట నాయకులు రాశారు. అతని తల్లి జానకమ్మ కడవెండి గడిలో ఉండి పెత్తనం చేసేది. ఆమె పేరు చెబితే చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు వణికేవాళ్ళు. దొర, దొర కింద పట్వారీ, పటేలు, వాళ్ళ కింద గూండాలు. ఊరు నడిచేది ఈ వరసలో.

పని అందరిదీ, గింజ ఎవరి దయ

అలాంటి ఊళ్ళో చాకలి ఇంటి బతుకు ఎలా ఉండేది? తెల్లవారకముందే మూటలు గాడిద మీద వేసుకుని చెరువు కాడికి పోవాలి. చవుడు మన్నుతో బట్టలు నానబెట్టి, బానలో ఉడకబెట్టి, బండ మీద ఉతికి, ఆరవేసి, సాయంత్రానికి ఏ ఇంటి బట్టలు ఆ ఇంటికి చేర్చాలి. పెళ్ళిళ్ళకు, చావులకు చేసే చాకిరీ వేరే ఉంది. పొద్దుగూకినాక గిన్నె పట్టుకుని ఇంటింటికీ తిరిగి బువ్వ తెచ్చుకోవాలి. ఏడాదికి ఒకసారి కల్లాల కాడికి పోతే రైతు ఇచ్చినంత గింజ.

ఇక దొర ఇంటికి చేసేదంతా వెట్టి. బట్టలు ఉతకడం ఒక్కటే కాదు. ఊరికి అధికారి వస్తే మంచాలు వేయాలి, పక్కలు పరచాలి, గిన్నెలు తోమాలి, రాత్రి దివిటీ పట్టాలి. పిలుపు వచ్చిందంటే ఇంట్లో బిడ్డకు జ్వరం వచ్చినా, పొయ్యి మీద గటక ఉడుకుతున్నా లేచి పోవాలి. దీనికి కూలి లేదు. కాదంటే దెబ్బలు, జరిమానా, ఊరు నుంచి వెళ్ళగొట్టడం.

ఈ బతుకులో ఇంటి మనుషుల చేతిలో లేనివి మూడు. మొదటిది వాళ్ళ పొద్దు. రెండోది వాళ్ళు తినే గింజ. మూడోది వాళ్ళు పడుకునే జాగ. ఈ మూడూ ఇంకొకరి దయ మీద ఉన్నాయి. ఎంత శుభ్రంగా అలికి ముగ్గు పెట్టుకున్నా ఆ గుడిసె దొర మాట మీద నిలబడేదే. మాలమాదిగలు, మంగలి, కుమ్మరి, కమ్మరి, గొల్ల, ఆ ఊళ్ళో ఎవరి ఇల్లయినా ఇంతే. పని పేరు మాత్రం మారుతుంది.

నలభై ఎకరాల కౌలు, నాలుగెకరాల సాగు

ఐలమ్మ కుటుంబం ఈ దయ నుంచి బయటపడే దారి వెతుక్కుంది. మల్లంపల్లి మక్తేదారు కొండలరావు దగ్గర నలభై ఎకరాలు కౌలుకు తీసుకుంది. అందులో నాలుగెకరాలు సాగులోకి తెచ్చి పంట తీసింది.

నాలుగెకరాలు అంటే ఈనాడు మనకు చిన్న కమతం. ఒక చాకలి ఇంట్లో అవి ఏం మార్చాయో ఆలోచించండి. కల్లంలో గింజ అడుక్కునే ఇల్లు సొంత కల్లం చేసుకుంది. ఒకరి పొలం మంచెల కింద నిలబడే మనిషి తన గెట్టు మీద నిలబడింది. ఇంట్లో తిండికి గింజ ఉంటే గిన్నె పట్టుకుని తిరిగే పని తగ్గుతుంది. నాగు కోసం దొర గడప తొక్కే పని తగ్గుతుంది. నాగు సంగతి మన పెద్దలకు తెలుసు. తినడానికి, విత్తనానికి తెచ్చిన గింజ ఏడాది తిరిగేసరికి వడ్డీ గింజతో కొండంత అయి కల్లంలోనే పంటంతా ఊడ్చుకుపోయేది. దాని మీద యుద్ధకాలంలో నైజాం సర్కారు లెవీ వసూలు పెట్టింది. పెద్ద దొరల గరిసెలు ముట్టకుండా చిన్నరైతు కల్లం మీదనే ఆ లెవీ పడేది. ఇన్ని చేతులు దాటుకుని గింజ ఇంటికి చేరడం ఎంత కష్టమో చెప్పాలా?

చాకలి ఇంట్లో సొంత గింజ పడితే వెట్టికి పిలిచినప్పుడు లేచే కాళ్ళు ఆలోచిస్తాయి. దొరకు కంటగింపు అయింది ఇదే. నాలుగెకరాల పంట విలువ నలభై వేల ఎకరాలవాడికి లెక్కలోది కాదు. ఒక ఇల్లు అతని దయ లేకుండా నిలబడితే రేపు అరవై ఊళ్ళలో అందరి ఇళ్ళూ అలా నిలబడాలనుకుంటాయి. దొర భయం అదీ.

ఇంటి వాకిలి సంఘం వాకిలయింది

అప్పటికి ఆంధ్ర మహాసభ ఊళ్ళలోకి వచ్చింది. 1930లో జోగిపేటలో తొలి మహాసభ జరిగినప్పుడు అది ఎక్కువగా చదువుకున్నవాళ్ళ సంస్థ. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరి సభ జరిగినాక దాని రూపం మారింది. కూలీలు, కౌలుదార్లు, చేతిపనులవాళ్ళు అందులో చేరారు. జనం దాన్ని సంఘం అన్నారు. చేతికర్రలు పట్టి నడిచారు గనుక గుత్పల సంఘం అని కూడా అన్నారు. వెట్టి చేయవద్దు, బేదఖలు ఒప్పుకోవద్దు, అక్రమ వసూళ్ళు ఇవ్వవద్దు అన్నది సంఘం చెప్పిన మాట.

ఐలమ్మ సంఘంలో చేరింది. ఆమె కొడుకులు చేరారు. కార్యకర్తలు ఊరికి వస్తే ఆమె ఇంట్లోనే తిన్నారు, ఆమె వాకిట్లోనే కూర్చుని మాట్లాడుకున్నారు. బువ్వ తెచ్చుకోవడానికి ఇంటింటికీ తిరగవలసిన ఇల్లు పదిమందికి బువ్వ పెట్టే ఇల్లయింది. ఇది చిన్న మార్పు కాదు.

పట్వారీ శేషగిరిరావు తన పొలంలో పనికి రమ్మని ఆ కుటుంబానికి కబురు పెట్టాడు. వాళ్ళు పోలేదు. ఊళ్ళో ఇలాంటిది అంతకుముందు జరిగేది కాదు. పట్వారీ పోయి దేశ్‌ముఖ్‌కు చెప్పుకున్నాడు. దాంతో ఐలమ్మ కుటుంబం మీద, సంఘం నాయకుల మీద కేసులు పడ్డాయి. ఐలమ్మ పక్షాన కొండా లక్ష్మణ్ బాపూజీ వకీలుగా నిలబడ్డారు. తీర్పు దేశ్‌ముఖ్‌కు వ్యతిరేకంగా వచ్చింది.

కోర్టులో ఓడిన దొర కాగితం మీదికి పోయాడు. పట్వారీని పిలిపించి ఐలమ్మ కౌలు భూమిని తన పేరున రాయించుకున్నాడు. పట్వారీ కలం ఒక్క గీతతో సాగుదారు ఎగిరిపోయి దొర వచ్చి కూర్చుంటాడు. ఈ విద్య అక్కడితో పోలేదని మన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు.

ధాన్యం ఇంటికి చేరిన రోజు

కోత కాలం వచ్చింది. పంట నిలబడి ఉంది. పంట తనదని చెప్పి కోసుకు రమ్మని దేశ్‌ముఖ్ వందమంది గూండాలను పంపాడు. వాళ్ళ వెంట కోత కోయడానికి కూలీలను కూడా తోలాడు. ఆ కూలీలు మన వాళ్ళే. కడుపుకు లేక, గడికి ఎదురు చెప్పలేక వచ్చినవాళ్ళు.

ఇటు సంఘం మనుషులు మూడు పదులకు మించి లేరు. భీమిరెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావు, నల్లా నర్సింహులు వంటి నాయకులు వాళ్ళలో ఉన్నారు. చేతుల్లో గుత్పలు తప్ప ఏమీ లేవు. వాళ్ళు పొలం మీదికి పోయారు. గూండాలు తిరగబడి నిలవలేకపోయారు, పారిపోయారు. సంఘం మనుషులే పంట కోశారు, మోశారు. ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చారు.

సాగుచేసిన మనిషి గింజ ఆ మనిషి ఇంటికే చేరింది. అందులో వింత ఏముంది అని ఈ తరం పిల్లలు అడగవచ్చు. ఆ తాలూకాలో దొర కోయమన్న పంటను దొరకు కాకుండా ఇంకొకరి ఇంటికి చేర్చడం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఈ కబురు ఊరూరికీ పోయింది. దొర మనుషులు కూడా పరుగెత్తుతారు అన్న సంగతి జనానికి మొదటిసారి తెలిసింది.

దొర ఊరుకోలేదు. విసునూరులో పోలీసులు దిగారు. నాయకుల మీద కుట్రకేసు పెట్టి పట్టుకుపోయి గడిలో చిత్రహింసలు పెట్టారు. అయినా ఆ పంటను మళ్ళీ గడికి చేర్చుకోలేకపోయారు. ఆ తర్వాత 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అక్కడి నుంచి పోరాటం తాలూకాలు దాటి, జిల్లాలు దాటింది.

ఇల్లు కాలింది

ఐలమ్మ ఈ గెలుపుకు చెల్లించిన ధర పెద్దది. దొర మనుషులు ఆమె ఇంటి మీద పడ్డారు. ఇంటికి నిప్పు పెట్టారు. ధాన్యం, డబ్బు, నగలు ఎత్తుకుపోయారు. ఆమె కూతురి మీద అఘాయిత్యం చేశారు. కొడుకులను వెంటాడారు.

దొరలు ఇంటినే ఎందుకు తగలబెట్టారు? పొలం తగలబెడితే మళ్ళీ మొలుస్తుంది. ఇల్లు లేని మనిషి ఊళ్ళో నిలవలేడు. పొయ్యి, గొళెం, పక్కబట్ట, దాచుకున్న విత్తనం అన్నీ ఒక్క రాత్రిలో బూడిదైతే మనిషి మూట కట్టుకుని వలస పోతాడు. ఊరు విడిచిపోతే భూమి దానంతట అదే దొరకు చేరుతుంది. నైజాం రాజ్యంలో ఎన్నో కుటుంబాలను ఇలాగే సాగనంపారు.

ఐలమ్మ పోలేదు. పాలకుర్తిలోనే నిలిచింది. ఆ నేల వదలలేదు. ఆమె కొడుకులు సంఘం వెంట నడిచారు. పట్వారీ ఇంటిని కూలగొట్టి, ఆ జాగలో మొక్కజొన్న వేసి పంట తీశారని ఆమె కథ చెప్పేవాళ్ళంతా చెబుతారు. ఆమె ఇల్లు బూడిద చేసినవాళ్ళకు ఆ కుటుంబం ఇచ్చిన జవాబు అది. భూములు రాసుకుని, రాసి, తుడిచిన చోట జొన్నకంకులు వేలాడాయి.

పోరాటం పెరిగినాక దొరల మిగులు భూములు పంచే పని మొదలైంది. మొదట 500 ఎకరాలకు పైబడినవి, తర్వాత 200 ఎకరాలకు పైబడినవి, చివరికి మెట్ట 100 ఎకరాలు, తరి 10 ఎకరాలకు పైబడినవి తీసుకున్నారు. మూడు వేల గ్రామాలలో పది లక్షల ఎకరాలు పంచినట్టు నాయకులు లెక్క రాశారు. 1948 సెప్టెంబర్‌లో నైజాం పాలన పోయింది. పోరాటం 1951 అక్టోబర్ దాకా నడిచింది. నాలుగు వేలమంది అమరులయ్యారు.

తర్వాతి రోజులు

పోలీసు చర్య తర్వాత పారిపోయిన దొరలు చాలామంది టోపీలు మార్చుకుని ఊళ్ళకు తిరిగి వచ్చారు. పంచిన భూములు అనేక చోట్ల మళ్ళీ లాక్కున్నారు. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదారు అనే మాటను కాగితం మీద పెట్టింది. ఆ చట్టం చేతికందకముందే, అందిన తర్వాత కూడా ఎందరో కౌలుదార్లను బేదఖలు చేశారు. 1951 ఏప్రిల్ 18న ఇదే నల్లగొండ జిల్లా పోచంపల్లిలో హరిజనవాడ నలభై కుటుంబాలు వినోబా ముందు నిలబడి బతకడానికి 80 ఎకరాలు కావాలని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానం అక్కడ పుట్టింది. దేశమంతా దాన్ని మెచ్చుకుంది. మేము ఇక్కడ ఒక్క సంగతి గుర్తు చేస్తాము. దానం అడిగే నోరు ఆ కుటుంబాలకు వచ్చింది, దానం ఇచ్చే బుద్ధి ఆ పెద్దమనిషికి పుట్టింది అంటే, అంతకు ముందు అయిదేళ్ళు ఆ జిల్లా నేల మీద ఏం జరిగిందో చూడాలి.

ఐలమ్మ మాత్రం పదవి అడగలేదు, పట్నం చేరలేదు. పాలకుర్తిలో పేదరాలిగానే బతికింది. ముసలితనంలో తన కథ తానే చెప్పింది. తెలంగాణ పోరాట స్త్రీల మాటలతో 1986లో వచ్చిన మనకు తెలియని మన చరిత్ర పుస్తకంలో అది ఉంది. ఆ పుస్తకం వచ్చేనాటికి ఆమె లేదు. 1985 సెప్టెంబర్ 10న పాలకుర్తిలోనే కన్నుమూసింది. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. మంచిదే. పేరు పెట్టినవాళ్ళు ఆమె అడిగినదాన్ని కూడా గుర్తు పెట్టుకోవాలి.

మన ఊళ్ళలో ఆమె ప్రశ్న

దొర పోయాడు, గడి కూలింది. ఐలమ్మ అడిగిన మూడూ అందరికీ అందాయా?

పడుకునే జాగ సంగతి చూడండి. గుడిసె వేసుకుని ఉంటున్న కూలీకి, చేతివృత్తులవాడికి, చిన్నరైతుకు ఆ స్థలం మీద హక్కు కల్పించే చట్టం 1976లో వచ్చింది. ఆ చట్టం పేరు కూడా వినని వాడలు ఎన్నో ఉన్నాయి. గింజ సంగతి చూడండి. కౌలుదారును గుర్తించే చట్టం 2011లో వచ్చింది, 2018లో రైతుబంధు మొదలైంది. ఆ రైతుబంధు సొమ్ము పట్టా ఉన్నవాడికి పోయింది, కౌలుకు దున్నినవాడికి పోలేదు. పొలంలో ఐలమ్మ, కాగితంలో దొర అన్న పాత లెక్కే ఇది. ఇక పొద్దు సంగతి. పాలమూరు కూలీలు తరతరాలుగా దేశమంతా తిరిగి కాలువలు తవ్వారు, ఆనకట్టలు కట్టారు, పట్నాలలో మేడలు లేపారు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా వాళ్ళ పొద్దు వాళ్ళది కాదు. ఊళ్ళో వాళ్ళ ఇంటికి తాళం, వాకిట్లో ముసలివాళ్ళు. ఊరి ఇళ్ళన్నీ కట్టే చేతులకు సొంత ఇంట్లో ఉండే రోజులు ఏడాదిలో ఎన్ని?

అందుకే కార్యకర్తలకు మా మనవి. వాడకు పోయినప్పుడు ఐలమ్మ బొమ్మకు దండ వేసి రాకండి. ఇంటింటి వాకిట్లో కూర్చుని మూడు సంగతులు అడిగి రాసుకోండి. ఈ గుడిసె కింద నేల ఎవరి పేరున ఉంది? మీరు దున్నే పొలం కాగితంలో ఎవరి పేరు ఉంది, కౌలు ఎంత, పంట పోతే కౌలు తగ్గిస్తున్నారా? ఇంట్లో ఎవరెవరు అడ్వాన్సు కింద పనిచేస్తున్నారు, ఎంతకు, ఎన్ని నెలలకు? ఈ లెక్క ఊరూరా పోగుచేసి తహసీల్దారు ఆఫీసు ముందు పెట్టాలి. ఇంటి స్థలం పట్టా ఆ ఇంటి స్త్రీ పేరున అడగాలి. ఐలమ్మ ధాన్యం ఒక్క చేత్తో ఇల్లు చేరలేదు, మూడు పదుల మంది భుజాల మీద చేరింది. ఏ ఊళ్ళోనైనా ముందు ఆ ముప్పైమందిని కూర్చుకోవాలి. తక్కిన పని దాని వెనుక నడుస్తుంది.